ఇనేస్ మోకాలు ఎక్కినవాడు

డెల్ఫీనా మచాడో మళ్ళీ ఆ కళ్ళజోడు పట్టుకుని షాపులోకి వచ్చినప్పుడు, హైగ్ టోపాలియన్ కౌంటర్ వెనకాల నేలమీద వంగి, కిందపడిన స్క్రూ కోసం వెతుకుతున్నాడు. వెతుకుతున్నాడంటే, వెతుకుతున్నట్టు ఉన్నాడు. స్క్రూ ఏదీ పడలేదు. అద్దాల తలుపులోంచి ఆమె పికప్ ట్రక్కు వచ్చి ఆగడం చూసి దాక్కున్నాడు.

"దొరికిందా?" అని పైనుంచి గొంతు వినిపించింది.

"ఇంకా లేదండీ."

"నెమ్మదిగా వెతకండి. నాకేం తొందర లేదు."

ముప్ఫై దాటిన మగవాడు నేలమీద ఎంతసేపని వంగి ఉంటాడు? లేచాడు. లేస్తూ కౌంటర్ అంచుకి తల కొట్టుకుని, జారిన తన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త బాగుండేదని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

విసేలియా ఊళ్ళో ఆ కళ్ళజోళ్ళ షాపులో హైగ్ పని కొలతలు తీయడం. డాక్టరు రాసిచ్చింది చూసి, కళ్ళ మధ్య దూరం కొలిచి, అద్దంలో చూపు ఎక్కడ పడాలో గుర్తుపెట్టి, ఫ్రేము చెవులకి సరిపోయేలా వంచి ఇస్తాడు. జీవితంలో తనకి బాగా చేతనైన పని అదొక్కటేనని అతనికి తెలుసు. వంట రాదు. పాట రాదు. కారు వెనక్కి తీయడం కూడా అంతంతమాత్రం. అద్దం కొలతలో మాత్రం తేడా రానివ్వడు. సరిగ్గా అక్కడే ఈ అమ్మాయి వచ్చి తేడా ఉందంటోంది.

కళ్ళజోడు వాళ్ళ నాన్నది. టులేరీ దగ్గర వాళ్ళకి ఆవులున్నాయి, పాల వ్యాపారం. ఆ జోడు పెట్టుకుని నడిస్తే నేల ఒక పక్కకి వంగుతోందంటాడట ఆయన. నాలుగడుగులు వేసి కూర్చుండిపోతాడట. హైగ్ ఇదివరకే మళ్ళీ కొలిచాడు, అద్దాలు కూడా మార్చాడు. ఇవాళ మెషీన్ కింద పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా లేదని తేల్చాడు.

"తేడా లేకపోతే మా నాన్న ఎందుకు నడవట్లేదు?"

హైగ్ అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. "నడక అలవాటు తప్పిందేమోనండీ" అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. తర్వాత అతని కింద ఉన్న చక్రాల స్టూలుని చూసింది. కౌంటర్ ఈ చివరి నుంచి ఆ చివరికి కూడా అతను దానిమీదే దొర్లుకుంటూ వెళ్తాడని ఆమె కనిపెట్టేసింది. నడక గురించి మీరే చెప్పాలి మరి, అంది.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"నేను వారం వారం కొండలెక్కుతానండీ" అన్నాడు హైగ్.

ఈ వాక్యం తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే అర్థం కాలేదు. అప్పటిదాకా అతను ఎక్కిన వాటన్నిటిలోకీ ఎత్తయినది, పై అరలోంచి ఫ్రేముల పెట్టెలు దించే నిచ్చెన. అదీ, షాపులో తోటి ఉద్యోగి యెసేనియా కింద గట్టిగా పట్టుకుంటేనే.

"ఏ కొండలు?"

"అన్నీనండీ."

"ఇనేస్ మోకాలు ఎక్కారా?"

"రెండుసార్లు. పైనుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది."

పక్క టేబుల్ దగ్గర యెసేనియా రాస్తున్న పెన్ను ఆగింది. డెల్ఫీనా కాసేపు అతన్నే చూసింది. అద్దం వెనకాల పురుగుని చూసినంత శ్రద్ధగా చూసింది. పెదవి చివర ఏదో కదిలింది గానీ నవ్వుగా మారలేదు. అయితే శనివారం పైన కొండల్లో, ఆ మహావృక్షాల సెకోయా తోపుకి రండి అంది. అక్కడ చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చే దారి ఒకటుందని చెప్పింది. ఇంకా ఏదేదో చెప్పింది. హైగ్ చెవుల్లోకి "శనివారం" అన్న మాటా, "రండి" అన్న మాటా మాత్రమే దూరాయి. మిగతాదంతా తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఆమె వెళ్ళాక యెసేనియా, ఆ దారి ఎలాంటిదో నీకు తెలుసా అని అడిగింది. ఎందుకు తెలీదు అన్నాడు హైగ్. సరే అని ఆమె మళ్ళీ పనిలో పడిపోయింది. తన పిల్లలు అక్కడ మూడు చక్రాల సైకిలు తొక్కారన్న సంగతి చెప్పనే లేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, నీ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు, ఆర్పడానికి చేతులు రాలేదు అంది.

ఆ వారమంతా హైగ్ సిద్ధమయ్యాడు. బావ దగ్గర పెద్ద రక్‌శాక్ అరువు తెచ్చాడు. అందులో టెంట్, తాడు, వంట గిన్నెలు, నీళ్ళు వడకట్టే గొట్టం, ఎలుగుబంటి వస్తే ఊదే ఈల పెట్టాడు. మిగిలిన ఖాళీలో వాళ్ళమ్మ సేటా, పెళ్ళివారికి పెట్టేటన్ని లాహ్మజూన్లు కుక్కింది. పల్చటి రొట్టె మీద మాంసం పరిచి కాల్చిన ఆ వంటకం లేకుండా ఆమె కొడుకుని పక్క వీధికి కూడా పంపదు. కొండలెక్కేవాళ్ళ బూట్లు కూడా కొన్నాడు. వాటిని శనివారం పొద్దున్నే పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాడు. కొత్త బూట్లని ముందే కొన్నాళ్ళు ఇంట్లో తొడుక్కుని తిరగాలని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

కొండదారి మెలికలకి దారిలో కడుపులో తిప్పి, కారు ఆపి కాసేపు చెట్టుని పట్టుకుని నిలబడ్డాడు. అది మామూలు పైన్ చెట్టే. అసలు చెట్లు ఇంకా రాలేదు.

తోపు దగ్గర పార్కింగ్‌లో దిగి, రక్‌శాక్ వీపున వేసుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని దారి మొదలు దగ్గరికి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. దారి నున్నటి తారు దారి. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ మనవరాలితో కబుర్లు చెప్పుకుంటూ అప్పుడే తిరిగొస్తోంది. చెప్పులేసుకున్న ఒక కుర్రతల్లి పిల్లాడి బండి తోసుకుంటూ హైగ్ పక్కనుంచి వెళ్ళింది. బండిలో పిల్లాడు అతని వీపున ఉన్నదాన్ని చూసి వేలు పెట్టి చూపించాడు.

డెల్ఫీనా ట్రక్కుకి ఆనుకుని నిలబడి ఉంది. మామూలు బూట్లు, చేతిలో ఖాళీ నీళ్ళ సీసా, అంతే. ఆమె అతన్ని కిందినుంచి పైకి చూసింది. మాట్లాడితే నవ్వొచ్చేస్తుందేమోనని పెదవులు బిగబట్టుకుంది.

ట్రక్కు ముందు సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎండకి కాగిన ముఖం, పెద్ద టోపీ, ముక్కు మీద హైగ్ చేసిన కళ్ళజోడు. ఆయన కిటికీ అద్దం దించాడు.

"ఎన్నాళ్ళుంటావు బాబూ?" అని అడిగాడు.

అప్పుడు గానీ హైగ్‌కి తలుపు దగ్గర ఆగిపోయిన మిగతా మాటలు గుర్తుకి రాలేదు. మా నాన్నని తీసుకొస్తాను, నేల వంగుతోందో లేదో మీరే చూద్దురుగాని, అని చెప్పింది ఆమె. తను విన్నది వేరు. చెప్పింది ఆమె, విన్నది తను. తప్పెవరిదో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు.

అన్సెల్మో మచాడో పోయిన చలికాలం పాలు పితికే షెడ్డులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది. డాక్టర్లు నడవమన్నారు. ఆయన నడవట్లేదు. డెల్ఫీనా పశువుల డాక్టరు దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తుంది. పొద్దున్నా సాయంత్రం ఇంట్లో ఆవుల పని, మధ్యలో నాన్న పని. ఇవన్నీ ఆమె పొడిపొడిగా చెప్పి, సీసాలో నీళ్ళు పట్టుకొస్తానని కుళాయి వైపు వెళ్ళింది.

హైగ్ తన పరువు కొంతైనా దక్కించుకుందామని పెద్దాయన కళ్ళజోడు అడిగి తీసుకున్నాడు. ముక్కు దగ్గర ప్యాడ్ బిగించి, అద్దాలు తుడిచాడు. ఈలోగా పెద్దాయన కర్ర పట్టుకుని ట్రక్కు దిగాడు. పద, నీకు చూపిస్తాను అంటూ బయల్దేరాడు. హైగ్ వెనకాల పరుగెత్తాడు. వీపున ఉన్న గిన్నెలు గలగలమన్నాయి.

మొదటి చెట్టు దగ్గరే అతను గిన్నెల సంగతి మర్చిపోయాడు.

అది చెట్టులా లేదు. ఎర్రటి గోడలా ఉంది. దాని మొదలు చుట్టూ తిరగడానికే కాస్త సమయం పడుతుంది. బెరడు మెత్తగా, పీచులా, దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. కింద నీడలో డాగ్‌వుడ్ పూలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. జనం మాటలు కూడా అక్కడ వాటంతటవే తగ్గిపోతున్నాయి. హైగ్ మెడ ఎత్తి పైకి చూశాడు. ఇంకా ఎత్తాడు. రక్‌శాక్ బరువుకి వెనక్కి పడబోయి కర్రలతో ఆపుకున్నాడు.

పెద్దాయన అప్పటికే మొదటి బెంచీ మీద కూర్చుండిపోయాడు. ముఖం పాలిపోయింది. చేతులు కర్ర మీద బిగుసుకున్నాయి.

"చూశావుగా, మళ్ళీ వంగుతోంది. నీ అద్దాలతోనే వచ్చింది ఇదంతా" అన్నాడు.

హైగ్ చెయ్యి తన గుండె దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు తన చొక్కా జేబులో ఉంది. తుడిచి, జేబులో వేసుకుని, ఇవ్వడం మర్చిపోయాడు. మెల్లగా దాన్ని తీసి చూపించాడు.

అన్సెల్మో ముక్కు తడుముకున్నాడు. అక్కడేం లేదు. దారి మలుపు వైపు ఒకసారి చూశాడు.

"మా అమ్మాయికి చెప్పకు" అన్నాడు చివరికి.

తర్వాత నేలని చూస్తూ చెప్పుకొచ్చాడు. ఆ రోజు పొగమంచు. తడి సిమెంటు మీద పడ్డాడు, లేవలేకపోయాడు. పాల ట్యాంకరు డ్రైవరు వచ్చేదాకా అలాగే పడి ఉన్నాడు. ఆవులు చుట్టూ నిలబడి చూస్తున్నాయి. ఆయన పేర్లు పెట్టి పిలిస్తే తలలు తిప్పాయి గానీ పాపం అవేం చేస్తాయి? అప్పట్నుంచీ కాలు కింద పెడితే నేల తనదిలా లేదు. ఇది భయం అని కూతురికి చెప్పలేకపోతున్నాడు. ఆమెకి డేవిస్‌లో పశువైద్యం చదవడానికి సీటొచ్చింది. నాలుగేళ్ళ చదువు, ఇంటికి దూరం. నాన్న నడవలేడని సోమవారం ఆ సీటు వదిలేస్తున్నట్టు చెప్పేయాలనుకుంటోంది. కళ్ళజోడుదే తప్పయితే బాగుచేయించుకోవచ్చు. భయమయితే ఆ పిల్ల కదలదు, నాకు తెలుసు, అన్నాడు ఆయన.

అంతలో డెల్ఫీనా నీళ్ళ సీసాతో మలుపు తిరిగి కనిపించింది. హైగ్ గబుక్కున కళ్ళజోడు ఆయన ముక్కు మీద పెట్టేశాడు.

"ఏమైంది నాన్నా, మళ్ళీనా?" అంది ఆమె. తర్వాత హైగ్ వైపు తిరిగింది. "చూశారా?"

హైగ్ చూశాడు. పెద్దాయన చేతులు చూశాడు. ఆ పిల్ల కళ్ళలోని అలసట చూశాడు. తనకి చేతనైన పని ఒక్కటే, తనకి ఉన్న గర్వమూ ఒక్కటే. దాన్ని తీసి పక్కన పెట్టడం, వీపు మీది రక్‌శాక్ దించడం కన్నా కష్టంగా ఉంది.

"అద్దాలదే తప్పండీ. కొలత నేనే తప్పు తీశాను."

"ఇన్నాళ్ళూ వెంట్రుకవాసి తేడా లేదన్నారు."

"వెంట్రుక లావుదేమోనండీ."

ఆమె నవ్వలేదు, తిట్టింది. గొంతు పెంచకుండా, వరసగా, ఒక్క మాట కూడా వృథా పోకుండా తిట్టింది. మీ మొండితనం వల్ల మా నాన్న ఇన్ని నెలలు కుర్చీలో ఉన్నాడని అంది. హైగ్ తల వంచుకుని విన్నాడు. అన్సెల్మో టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

అంతా అయ్యాక హైగ్, అయితే ఇవాళ్టికి జోడు లేకుండా నడిచి చూద్దామా అన్నాడు. తప్పు దానిదే కాబట్టి అది లేకపోతే నేల వంగదు కదా. మళ్ళీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన అతన్ని చూసిన చూపు, తన్నిన గేదెని రైతు చూసే చూపు. కానీ ఏమనగలడు? కూతురు ఎదురుగానే ఉంది. లేచాడు. హైగ్ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవడం కాదు, ఎముక విరిగేలా నొక్కాడు.

అలా నడక మొదలైంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి, ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి. కాలిపోయిన బోలు మొదలున్న ఒక చెట్టు దగ్గర ఆగి, రక్‌శాక్ విప్పి లాహ్మజూన్లు తిన్నారు. టెంట్, తాడు, ఈల ఒక్కొక్కటే బయటికి వస్తుంటే అన్సెల్మో నమలడం ఆపి చూశాడు. తిన్నాక ఇంటిపేరు అడిగాడు. టోపాలియన్ అన్నాడు హైగ్. టోపాల్ అంటే కుంటివాడు, మా ముత్తాతల్లో ఎవరో కుంటేవాడట, అందుకని మాది కుంటివాళ్ళ వంశం, అని అర్థం కూడా చెప్పాడు.

"అందుకేనా కుంటుతున్నావు?" అన్నాడు అన్సెల్మో.

అప్పటికే హైగ్ మడమలు బొబ్బలెక్కి మండిపోతున్నాయి. ఎలాగో కనపడనివ్వకుండా లాక్కొస్తున్నానని అనుకున్నాడు గానీ, జీవితమంతా కుంటే ఆవుల్ని చూసిన మనిషి దగ్గర అది దాగదు. ఇంకొంచెం దూరం వెళ్ళాక అడుగు పడలేదు. కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్ళకి రెండు మడమల దగ్గరా నెత్తురు.

"వెనక్కి వెళ్ళిపోదాం" అంది డెల్ఫీనా. ఆమె గొంతులో తిట్టు పోయింది.

"సగం వచ్చేశాం. వెనక్కి వెళ్ళినా ముందుకి వెళ్ళినా అంతే దూరం" అన్నాడు అన్సెల్మో. హైగ్ ముందు నిలబడి మోచెయ్యి చాపాడు. "లే బాబూ. నామీద ఆనుకో."

డెల్ఫీనా రక్‌శాక్‌ని దూడని ఎత్తినట్టు ఒక్క ఊపులో ఎత్తి భుజాన వేసుకుంది. హైగ్ బూట్లు లేసులతో మెడలో తగిలించుకుని, మేజోళ్ళతో తారు దారి మీద పెద్దాయన్ని పట్టుకుని కుంటుకుంటూ నడిచాడు. ఎదురొచ్చిన వాళ్ళందరూ మర్యాదగా పక్కకి తప్పుకున్నారు. పొద్దున్న చూసిన పిల్లల బండి రెండోసారి చుట్టు తిరుగుతూ వాళ్ళని దాటిపోయింది. ఇంతకన్నా దిగజారడానికి ఇంకేం మిగిలిందని హైగ్ ఆలోచించాడు. మిగిలింది.

వెనకనుంచి డెల్ఫీనా అడిగింది. "ఇనేస్ మోకాలు కన్నా ఇది కష్టంగా ఉందా?"

"అదీ..." అన్నాడు హైగ్.

"ఇనేస్ మోకాలా?" అన్నాడు అన్సెల్మో. "మా ఇనేస్ మోకాలికేమైంది?"

"ఏం కాలేదు నాన్నా. ఈయన రెండుసార్లు ఎక్కాడట. పైనుంచి సముద్రం కనిపించిందట."

ఆ ప్రాంతంలో ఆ పేరుతో కొండ లేదు. ఇనేస్ అన్సెల్మో చెల్లెలు. హాన్‌ఫర్డ్‌లో ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. షాపులో ఈ మనిషి ఎంతదాకా కోస్తాడో చూద్దామని డెల్ఫీనాకి అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరది. ఇదంతా కూతురు చెప్పి ముగించేలోపు అన్సెల్మో నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు ఊగాయి. తర్వాత దారిమధ్యలో నిలబడిపోయి, కర్ర కింద పారేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. హైగ్ ఆయన్ని పట్టుకోవాలో, సెకోయా బోలులో దూరి అక్కడే ఉండిపోవాలో తేల్చుకోలేకపోయాడు.

"నేను ఏ కొండా ఎక్కలేదు. నిచ్చెన ఎక్కినా కళ్ళు తిరుగుతాయి" అన్నాడు డెల్ఫీనాతో.

"తెలుసు" అంది ఆమె. కానీ ఆమె అతన్ని చూడట్లేదు. నాన్ననే చూస్తోంది. కర్ర నేలమీద పడి ఉంది. ఆయన దాన్ని తీసుకోవడం మర్చిపోయి మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో హైగ్‌ని మోస్తున్నాడు, రెండో చెయ్యి ఖాళీగా ఊగుతోంది. ఆమె వంగి కర్ర తీసుకుంది. పిలవలేదు. మిగతా దారంతా వాళ్ళ వెనకాల నిశ్శబ్దంగా నడిచింది.

పార్కింగ్‌కి వచ్చాక అన్సెల్మో ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చున్నాడు. ఊపిరి కుదురుకునేదాకా ఆగాడు. ఇటు రా అని కూతుర్ని పిలిచాడు. కళ్ళజోడు సరిగ్గానే ఉందనీ, మొదట్నుంచీ సరిగ్గానే ఉందనీ చెప్పాడు. ఇందాక బెంచీ మీద నేల వంగిందన్నప్పుడు అది తన ముక్కు మీద లేదనీ, ఈ అబ్బాయి జేబులో ఉందనీ చెప్పాడు. భయం అన్న మాట మాత్రం పోర్చుగీసులో అన్నాడు, తన తల్లి భాషలో. హైగ్‌కి ఆ భాష రాదు, అయినా తెలిసింది.

డెల్ఫీనా చెట్ల వైపు వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది. ముఖం కడుక్కుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"మరి అంత తిట్టినా ఎందుకు ఊరుకున్నావు?" అని హైగ్‌ని అడిగింది. మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరూ గమనించలేదు.

హైగ్ గొప్ప మాట ఏదైనా చెబుదామని వెతికాడు. ఆ రోజు లేని స్క్రూ దొరికినట్టే దొరికింది. "నువ్వు తిడుతున్నంతసేపూ నాతోనే మాట్లాడుతున్నావు కదా" అన్నాడు.

ఆమె అప్పుడు నవ్వింది. నవ్వితే కాస్త బాగుంటుందని అతను అనుకున్నది తప్పు. కాస్త కాదు.

సోమవారం ఆమె సీటు వదల్లేదు. నాన్నని ఎవరు నడిపిస్తారని అడిగితే అన్సెల్మో, కుంటివాళ్ళ వంశం ఉందిగా అన్నాడు. ఆగస్టులో ఆమె డేవిస్ వెళ్ళినప్పటి నుంచి శనివారాలన్నీ అలాగే గడిచాయి. హైగ్ పాత చెప్పులేసుకుని టులేరీ వెళ్ళడం, పెద్దాయన్ని ఎక్కించుకోవడం, కొండదారిలో కారు ఆపి ఒక చెట్టుని పట్టుకోవడం, తోపులో ఒక చుట్టు తిరగడం. మధ్యాహ్నం డేవిస్ నుంచి డెల్ఫీనా ఫోను చేసేది. నాన్న ఎలా నడిచాడని అడగడానికి చేసేది. నాన్న సంగతి త్వరగానే అయిపోయేది. ఆ తర్వాత ఆవు కడుపులో ఎన్ని గదులుంటాయో, కోసి నేర్చుకునే శవాల గదిలో చచ్చిన గుర్రం ముందు తను ఎలా ఏడ్చిందో, షాపులో యెసేనియా ఆ వారం అతన్ని ఏమని ఏడిపించిందో, ఇవన్నీ. ఒకసారి ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, నీ గొంతు వినకపోతే శనివారం అయినట్టు లేదు అంది. హైగ్ ఫోను చెవి మార్చి, వాతావరణం గురించి మాట్లాడాడు. పెట్టేశాక తనని తాను తిట్టుకున్నాడు, ఆమె తిట్టినంత బాగా కాకపోయినా.

నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆమె ఇంటికొచ్చింది. రాత్రి కొత్తగా మంచు పడింది. పొద్దున్నే టైర్లకి గొలుసులు కట్టుకుని ముగ్గురూ పైకి వెళ్ళారు. తోపులో ఇంకా ఎవరూ లేరు. ఎర్రటి మొదళ్ళ మీద మంచు ఒక పక్కనే అంటుకుని ఉంది. కొమ్మల మీంచి అప్పుడప్పుడు పిండి జల్లినట్టు రాలుతోంది.

హైగ్ ఇవాళ చెప్పాలనుకున్నాడు. దానికి తగ్గ ప్రసంగం కూడా తయారుచేసుకున్నాడు. కిందటి శనివారం దాన్ని అన్సెల్మోకి అప్పజెప్పాడు కూడా. పెద్దాయన విని, మొదటి సగం తీసేయమన్నాడు. చెట్ల గురించి ఉన్నదంతా తీసేయమన్నాడు. మిగిలిందాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించాడు.

నడక మొదలయ్యాక అన్సెల్మో, నాకు చలేస్తోంది, కాస్త వేగంగా నడవాలి అంటూ ముందుకి వెళ్ళిపోయాడు. ఒక బెంచీ మీద మంచు దులిపి, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు. వాళ్ళ మాటలు తనకి వినపడనంత దూరంలో ఉన్నానని అనుకుంటున్నట్టు కూర్చున్నాడు.

హైగ్ ఆగాడు. డెల్ఫీనా కూడా ఆగింది. ఆమె టోపీ మీద మంచు పడి ఉంది. దాన్ని దులపాలా, మాట్లాడాలా అన్నది తేలక అతను రెండూ ఒకేసారి మొదలుపెట్టి రెండూ పాడుచేశాడు.

"నాకు చాలా పనులు రావు. వంట రాదు. కొండలెక్కడం రాదు, అది నీకు తెలుసు. డేవిస్ ఇంకా మూడేళ్ళకి పైగా ఉందని నాకు తెలుసు. నేను ఆగగలను. ఆగడం మాత్రం బాగా వచ్చు..." అని ఆగిపోయాడు. తర్వాతి వాక్యం పోయింది. మంచంత తెల్లగా పోయింది.

డెల్ఫీనా ఎదురుచూసింది. పైనుంచి కాస్త మంచు రాలింది. ఎక్కడో పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది.

"ఆవుల సంగతి" అంది బెంచీ, ఇటు తిరగకుండానే.

డెల్ఫీనా నాన్న వీపు వైపు చూసింది. మళ్ళీ హైగ్ వైపు చూసింది. "ఆవుల సంగతేంటి?"

"ఆవులంటే నాకు భయం. షెడ్డులోకి వస్తే మోకాళ్ళు వణుకుతాయి. మీ నాన్న పక్కన ఉంటే కొంచెం తక్కువ. నువ్వు ఉంటే ఇంకా తక్కువని అనుకుంటున్నాను. నిన్ను పెళ్ళిచేసుకుంటే అవి రోజూ ఉంటాయని నాకు తెలుసు. అయినా చేసుకోవాలని ఉంది. నీకు ఉంటే."

అది రాసుకున్న వాక్యం కాదు. రాసుకున్నది దీనికన్నా బాగుంది, ఒక పోలిక కూడా ఉండేది. హైగ్ సిగ్గుతో తల దించుకున్నాడు. బెంచీ మీద వీపు కదలడం మానేసింది.

డెల్ఫీనా చేతి గ్లవ్ తీసింది. అతని కళ్ళజోడు మీద పడ్డ మంచు వేలితో తుడిచింది. తుడవడంతో ఇంకా మసకబారింది, అతనికి ఆమె ముఖం ఒక లేత మచ్చలా మాత్రమే కనిపించింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక హైగ్ భయపడిపోయాడు.

"ఉంది" అంది ఆమె.

"ఏంటీ?"

"నాకూ ఉంది అంటున్నాను. మళ్ళీ చెప్పించకు, చలేస్తోంది."

అన్సెల్మో లేచాడు. వెనక్కి వస్తాడనుకున్నారు ఇద్దరూ. రాలేదు. కర్ర చంకలో పెట్టుకుని, కొత్త మంచు మీద పెద్ద పెద్ద అడుగులు వేస్తూ ముందుకే వెళ్ళాడు. మలుపు దగ్గర ఆగి, ఇనేస్‌కి ఫోను చెయ్యాలి, ఇక్కడ సిగ్నల్ లేదు, త్వరగా నడవండి అని అరిచాడు. డెల్ఫీనా హైగ్ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ జారుతూ, ఒకరినొకరు ఆపుకుంటూ ఆయన అడుగుల వెంట నడిచారు.